మూడేళ్లు దశరథ గడ్డి ఉన్న చేలో జొన్న పసుపు తిరిగింది. ఎక్కడ తప్పు జరిగింది?

కదిరి_ఎర్రచేను
జూలై 18, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది కదిరి పక్కన పల్లె. ఎర్ర గరప నేల, ఒక బోరు. మూడేళ్ల కింద రెండెకరాల్లో దశరథ గడ్డి వేశాను. ఇది పప్పుజాతి మేత, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, తీసేసిన తర్వాత ఏ పంట వేసినా యూరియా అక్కర్లేదని ఒక రైతు సమావేశంలో చెప్పారు. ఆ మాట నమ్మే మూడేళ్లు ఓపిక పట్టాను.

మే నెలలో గడ్డి మోళ్లు పెకలించి దున్నించాను. జూన్ మూడో వారంలో జొన్న వేశాను, యూరియా ఒక్క గింజ కూడా వేయలేదు. ఇప్పుడు పైరుకు నెల దాటింది, మోకాలెత్తు కూడా లేదు. అడుగాకులు కొస నుంచి మొదలై నడి ఈనె వెంట లోపలికి పసుపు తిరుగుతున్నాయి. గట్టు అవతల మా తమ్ముడి చేను. పోయినేడు వేరుశనగ, ఈ ఏడు అదే జొన్న, అదే రోజు విత్తాం. వాడిది ముదురాకుపచ్చగా, నల్లగా ఉంది. నాది చూస్తే రాత్రి నిద్ర పట్టడం లేదు.

మూడేళ్లు పప్పుజాతి వేసిన చేను ఎందుకిలా అయింది? ఈ జొన్నను కోసి ఆవులకు వేసేసి వేరే పంట వేయాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

దివిసీమ_వరి
జూలై 18, రాత్రి 9:52

అన్నా, మా దగ్గర ఇలా ఎప్పుడూ చూడలేదు. వరి కోతకు ముందే మడిలో పదును ఉండగా పిల్లిపెసర చల్లుతాం. కోత అయ్యేసరికి మొలిచి ఉంటుంది. పశువులను ఒకటి రెండు సార్లు తోలి మేపుతాం, మిగిలింది దున్నేస్తాం. ఆ మడిలో తర్వాతి వరికి మొదటి దఫా యూరియా తగ్గించినా తేడా తెలియదు. జీలుగ, జనుము వేసినా అంతే. మీ నేలలో వేరే లోపం ఉందేమో, జింక్ చూపించారా?

మట్టిపరీక్ష
జూలై 18, రాత్రి 10:30

మీరు చెప్పిన ఆకు లక్షణం జింక్ లోపానిది కాదండీ. ముదురాకు కొస నుంచి ఈనె వెంట లోపలికి పసుపు రావడం నత్రజని కొరత గుర్తు. లేత ఆకుకు చాలక మొక్క ముదురాకులోంచి లాక్కుంటుంది. అందుకే అడుగున మొదలవుతుంది.

నేను హైదరాబాద్‌లో భూసార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. జవాబు చెప్పే ముందు కొన్ని సంగతులు కావాలి. ఏడాదికి ఎన్ని కోతలు కోశారు, కోతకు ఎంత వచ్చింది? ఆ మేత ఎక్కడికి పోయింది? మీ ఆవుల ఎరువు ఏ చేలో వేశారు? మొదట్లో విత్తనానికి రైజోబియం కల్చర్ (బుడిపెలు కట్టే బ్యాక్టీరియా పొడి) పట్టించారా? ఎప్పుడైనా ఒక మొక్కను తవ్వి వేరు చూశారా?

పశువైద్యం_పలమనేరు
జూలై 18, రాత్రి 11:05

మిగతా చర్చ తర్వాత. ముందు ఒక్క మాట, రేపు పొద్దున్నే గుర్తుపెట్టుకోండి. ఆ జొన్నను కోసి ఆవులకు వేయకండి. మోకాలెత్తు లేని, ఎదుగుదల ఆగిన, బెట్టకు వచ్చిన జొన్నలో సైనైడ్ విషం ఎక్కువ ఉంటుంది. కడుపు నిండా తిన్న ఆవు అరగంటలో ఊపిరాడక పడిపోవచ్చు. ప్రతి ఏడూ ఈ సీజన్‌లో ఇలాంటి కేసులు చూస్తున్నాను. చాలావరకు గట్టు తెంపుకుని జొన్న చేలో పడ్డ పశువులే. పూత దశ దాటాక మేపితే భయం చాలావరకు తగ్గుతుంది. కోసి బాగా ఎండబెట్టినా విషం చాలావరకు పోతుంది. యూరియా వేసిన వెంటనే కూడా మేపకూడదు. ఆవులను ఆ గట్టు దగ్గర కట్టకండి.

కదిరి_ఎర్రచేను
జూలై 19, ఉదయం 6:15

డాక్టర్ గారూ, మీ మెసేజ్ చూసి పొద్దున్నే లేచి ఆవులను ఇవతలికి మార్చాను. చాలా థాంక్స్. నిజంగా కోసి వేద్దామనే అనుకున్నాను.

మేడమ్ గారి ప్రశ్నలకు: ఏడాదికి ఆరు కోతలు. ఎకరాకు కోతకు దాదాపు నాలుగు టన్నులు పచ్చిమేత, ట్రాలీ లెక్కన చెబుతున్నాను. సగం మా నాలుగు ఆవులకు, సగం పక్క ఊరి డెయిరీ షెడ్డుకు అమ్మాను. ఎరువంతా మల్బరీ తోటకు పోతుంది, పట్టుపురుగులకు ఆకు బాగుండాలి కదా. కొట్టంలో సిమెంటు వేయించాం, మూత్రం కాలువలో పోతుంది.

కల్చర్ అంటే, గడ్డి పేరు హెడ్జ్ లూసర్న్ అని చెబితే దుకాణంలో లూసర్న్ కల్చర్ ప్యాకెట్ ఇచ్చారు. బెల్లం పాకంలో కలిపి పట్టించాను. ప్యాకెట్ ఎండ పడే అలమరలో ఉండింది, అది మాత్రం గుర్తుంది. వేరు ఎప్పుడూ తవ్వి చూడలేదు.

మట్టిపరీక్ష
జూలై 19, ఉదయం 8:40

ఇప్పుడు సంగతి తెలిసింది. కాస్త నిదానంగా లెక్క వేద్దాం, మీరూ ఒక కాగితం తీసుకోండి.

ఆరు కోతలు, కోతకు నాలుగు టన్నులు. ఎకరాకు ఏడాదికి 24 టన్నుల పచ్చిమేత. అందులో నీరు పోగా ఎండు పదార్థం నాలుగో వంతు అనుకుందాం, 6 టన్నులు. దశరథ గడ్డి ఎండు మేతలో మాంసకృత్తులు దాదాపు 19 శాతం. మాంసకృత్తుల శాతాన్ని 6.25తో భాగిస్తే నత్రజని శాతం వస్తుంది, అంటే 3 శాతం. 6 టన్నుల్లో 180 కిలోల నత్రజని.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. కాబట్టి మీరు ఏటా ఎకరా చేనులోంచి దాదాపు తొమ్మిది బస్తాల యూరియాకు సమానమైన నత్రజనిని ట్రాలీలో ఎక్కించి బయటికి పంపారు.

అదంతా గాలి నుంచే వచ్చి ఉంటే నేలకు నష్టం లేదు. కానీ ఏ పప్పుజాతి మొక్కా తన నత్రజని మొత్తం గాలి నుంచి తీసుకోదు. బుడిపెలు బాగా పనిచేస్తున్న చేలో కూడా ఒక వాటా నేల నుంచే తీసుకుంటుంది. మీ చేలో 70 శాతం గాలిది అనుకుంటే 126 కిలోలు గాలివి, 54 కిలోలు నేలవి. ఏటా 54 కిలోలు, మూడేళ్లకు ఎకరాకు 160 కిలోలు నేల ఇచ్చింది. బుడిపెలు సరిగా లేక 50 శాతమే వచ్చి ఉంటే నేల ఇచ్చింది ఏడాదికి 90 కిలోలు.

వేళ్లలో, రాలిన ఆకులో కొంత నేలకు మిగిలింది, అది నిజం. దాన్ని జమ వేసుకున్నా మీ ఖాతా సున్నా దగ్గరో, అంతకంటే కిందో ఉంటుంది.

గాలి నుంచి పట్టిన (స్థిరీకరించిన) నత్రజని వేరు, నేలకు మిగిలిన నత్రజని వేరు అండీ. మొదటిది మొక్క పని. రెండోది ఆ మొక్కను మనం ఏం చేశామన్నదాన్ని బట్టి ఉంటుంది. సమావేశంలో మీకు మొదటి సగం చెప్పారు.

జీవామృతం_వికారాబాద్
జూలై 19, ఉదయం 10:20

మేడమ్, మీరు చెప్పేది వింటే పప్పుజాతి వేయడమే దండగ అన్నట్టుంది. మేం ఆరేళ్లుగా తొలకరికి ముందు నవధాన్యాలు చల్లుతున్నాం. అలసంద, పెసర, ఉలవ, జనుము అన్నీ ఉంటాయి. మా నేల మారడం కళ్లారా చూశాం. లెక్కలతో రైతును భయపెడితే మళ్లీ అందరూ యూరియా దుకాణానికే పోతారు.

మట్టిపరీక్ష
జూలై 19, ఉదయం 11:02

దండగ అని నేను అనలేదండీ. మీరు చల్లిన నవధాన్యాలను ఏం చేస్తారు? దున్నేస్తారు, లేదా కొంత మేపి మిగిలింది నేలకే ఇస్తారు. దివిసీమ అన్న పిల్లిపెసర కూడా అంతే. మీ ఇద్దరి చేలల్లో గాలి నుంచి వచ్చింది చేలోనే ఉండిపోయింది. కదిరి అన్న చేలో అది మల్బరీకీ, పక్క ఊరికీ పోయింది. మీ అనుభవం, ఈ లెక్క రెండూ ఒకటే చెబుతున్నాయి.

అనంతపురం వైపు అందరికీ తెలిసిన ఉదాహరణ వేరుశనగ. అదీ పప్పుజాతే. కానీ మనం మొక్కను వేరుతో సహా పీకుతాం. కాయ మిల్లుకు, కట్టె వామికి పోతుంది. బుడిపెలు కూడా చాలావరకు కట్టెతోనే వెళ్లిపోతాయి. అందుకే వేరుశనగ వెనక వేరుశనగ ఏళ్ల తరబడి వేసినా ఆ నేలలు బలపడలేదు.

కదిరి_ఎర్రచేను
జూలై 19, మధ్యాహ్నం 1:15

మేడమ్, వేరుశనగ కూడా మిగల్చకపోతే, పోయినేడు వేరుశనగ వేసిన మా తమ్ముడి చేను ఎందుకు నల్లగా ఉంది?

అడుగుతూనే నాకే గుర్తొచ్చింది. వాడు మార్చిలో ఆరు రాత్రులు గొర్రెల మంద పెట్టించాడు.

గొర్రెలమంద_గుత్తి
జూలై 19, మధ్యాహ్నం 1:48

అదే అన్నా అదే! మాది మంద కట్టే కుటుంబం. మా తాత కాలం నుంచి ఎండాకాలం ఊరూరా తిరిగి చేలల్లో మంద పెడతాం. రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటాం, కొందరు గింజలు ఇస్తారు. పగలంతా బీడులో, అడవిలో మేసిన జీవాలు రాత్రి మీ చేలో పడుకుంటాయి. పెంట, ఉచ్చ రెండూ అక్కడే. ప్రతి రాత్రి తడికెలు జరిపి కొత్త జాగాలో కడతాం. తర్వాతి పంటలో మంద పడ్డ చోటు గీత గీసినట్టు తెలుస్తుంది. నేను పెద్దగా చదువుకోలేదు, కానీ చేను చూసి మంద పడిందో లేదో చెప్పగలను.

పశువైద్యం_పలమనేరు
జూలై 19, సాయంత్రం 5:30

గుత్తి తమ్ముడు చెప్పినదానికి పశువు వైపు నుంచి లెక్క. ఎనిమిది లీటర్ల పాలిచ్చే ఆవు రోజుకు పది కిలోల ఎండు మేత తింటే, దాంట్లో సుమారు 200 గ్రాముల నత్రజని ఉంటుంది. పాలలో మాంసకృత్తులు 3.3 శాతం దగ్గర, కాబట్టి ఎనిమిది లీటర్లలో పోయే నత్రజని 42 గ్రాములు. మిగతాది, అంటే దాదాపు ఐదింట నాలుగు వంతులు, పేడలో, మూత్రంలో బయటికి వస్తుంది. మాంసకృత్తులు ఎక్కువున్న పప్పుజాతి మేత తినే పశువుకు సగానికి పైగా మూత్రంలోనే పోతుంది.

మనం పేడను జాగ్రత్త చేస్తాం, మూత్రాన్ని కాలువలో వదిలేస్తాం. కదిరి అన్నా, మీ కొట్టం కాలువ చివర ఒక గుంత తవ్వి అందులో జొన్న చొప్ప ముక్కలు, ఎండాకు పోస్తూ ఉండండి. మూత్రం తాగిన ఆ చెత్తను దిబ్బలో వేయండి. ఖర్చు లేదు.

స్వాన్‌నది
జూలై 19, రాత్రి 8:20

నమస్తే. నేను పెర్త్‌లో ఉంటాను, సొంతూరు మార్కాపురం దగ్గర. ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ ప్రాంతంలో మట్టి నమూనాలు తీసే పని. ఈ చర్చ చదువుతుంటే నా రోజువారీ పనే తెలుగులో చూస్తున్నట్టుంది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికతో చదవండి.

ఈ దేశపు నేలలు చాలా పాతవి, బలం లేనివి. 1889లో దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ బార్కర్ దగ్గర ఆమోస్ హోవార్డ్ అనే రైతు ఒక పొలంలో తనంతట తాను పెరుగుతున్న క్లోవర్ అనే ఒక పప్పుజాతి మేత మొక్కను గమనించాడు. మధ్యధరా ప్రాంతం నుంచి ఎలాగో వచ్చి పడ్డ మొక్క. దాని ప్రత్యేకత మన అనంతపురం వాళ్లకు వెంటనే అర్థమవుతుంది: పూత అయ్యాక కాడ కిందికి వంగి కాయను మట్టిలోకి దించుతుంది, వేరుశనగ ఊడలాగే. గొర్రెలు ఎంత మేసినా విత్తనం మట్టిలో భద్రంగా ఉండి, మళ్లీ వానకు తనే మొలుస్తుంది. హోవార్డ్ విత్తనం తీసి పంచి, పత్రికలకు రాసి, పదిమందికీ నచ్చజెప్పాడు.

తర్వాత దశాబ్దాల్లో ఆ క్లోవర్, సూపర్ ఫాస్ఫేట్, గొర్రెలు కలిసి ఒక సేద్యం పద్ధతి అయ్యాయి. ఒకటి రెండేళ్లు క్లోవర్ బీడు వదిలి గొర్రెలను మేపుతారు, ఆపై గోధుమ వేస్తారు. మేత చేను దాటి పోదు. పోయేది ఉన్ని, మాంసం, అంతే. అందుకే నేల పెరిగింది. కదిరి అన్న పద్ధతికీ దీనికీ తేడా మొక్కలో లేదు, కొడవలికీ గొర్రె నోటికీ ఉన్న తేడాలో ఉంది.

ఇక్కడి పరిశోధకులు చాలా పొలాలు కొలిచి ఒక మోటు లెక్క కట్టారు: పప్పుజాతి మేత ఒక టన్ను ఎండు పదార్థం పెరిగితే, ఆకు, కాండంలో దాదాపు 20 కిలోల నత్రజని గాలి నుంచి వచ్చినట్టు. మేడమ్ లెక్క చూడండి, 6 టన్నులకు 126 కిలోలు. సరిపోయింది.

ఇంకొకటి, కల్చర్ సంగతి. దశరథ గడ్డికి లూసర్న్ బ్యాక్టీరియా పనికిరాదు అన్నా. పేరులో లూసర్న్ ఉంది కానీ లూసర్న్ వేరే మేత పంట, రెండూ దూరపు చుట్టాలే. దశరథ గడ్డి మన తుమ్మ, సుబాబుల్ వైపు చుట్టం. ఇక్కడ దానికి విడిగా ఒక కల్చర్ అమ్ముతారు. మీ నేలలో దానికి సరిపడే బ్యాక్టీరియా సహజంగా ఉంటే బుడిపెలు వచ్చి ఉంటాయి. వేరు తవ్వితేనే తెలుస్తుంది.

దివిసీమ_వరి
జూలై 19, రాత్రి 9:05

ఆ క్లోవర్ విత్తనం ఇక్కడికి తెప్పించుకోవచ్చా?

స్వాన్‌నది
జూలై 19, రాత్రి 9:31

వద్దన్నా. అది చలికాలం వాన, ఎండాకాలం పూర్తి ఎండ ఉన్న చోట బతికేది. మన వానాకాలానికి సరిపడే మొక్కలు వేరే ఉన్నాయి. ఎర్ర నేలకు స్టైలో అనే పప్పుజాతి మేత ఉంది. పుట్టింది అమెరికా ఉష్ణ ప్రాంతాల్లో, ఆస్ట్రేలియా ఉత్తరాన బీడుల్లో బాగా వాడారు. ఇప్పుడు మన అనంతపురం జిల్లా రైతులే దాని విత్తనం పండించి దేశంలో చాలా చోట్లకు పంపుతున్నారు. అలసందకు బుడిపెలు కట్టే బ్యాక్టీరియా స్టైలోలో చాలా రకాలకు సరిపోతుంది. అది మన నేలల్లో ఉండనే ఉంది.

మట్టిపరీక్ష
జూలై 20, ఉదయం 7:50

స్టైలో మీద మన దగ్గరే పని జరిగింది. పటాన్‌చెరు ఇక్రిశాట్, సంతోష్‌నగర్ క్రిడా పరిశోధన కేంద్రాల్లో ఎర్ర నేలల్లో స్టైలో వేసి చూశారు. నత్రజని ఒక్కటే కాదు, పైన పెచ్చు కట్టే ఎర్ర నేల స్టైలో కింద గుల్లబారి వాన నీటిని ఎక్కువ తాగుతుంది.

కదిరి అన్నా, నిన్న మీ వైపు వాన పడిందని విన్నాను. గట్టు మీద దశరథ గడ్డి మొక్కలు మిగిలి ఉంటే ఈ రోజే తవ్వండి. పీకొద్దు, పీకితే బుడిపెలు మట్టిలోనే తెగిపోతాయి. పారతో చుట్టూ మట్టిపెళ్లతో సహా లేపి, బక్కెట్ నీళ్లలో నానబెట్టి, మట్టి దానంతట అదే జారేదాకా ఆగండి. బుడిపెను గోటితో లేదా బ్లేడుతో కోసి లోపలి రంగు చూడండి. ఎండాకాలం మొక్క బుడిపెలను రాల్చేస్తుంది, కాబట్టి వాన తర్వాతే చూడాలి.

కదిరి_ఎర్రచేను
జూలై 21, సాయంత్రం 6:40

చూశాను. చెప్పినట్టే చేశాను, మా పాప కూడా కూర్చుంది.

ఎనిమిది మొక్కలు తవ్వాను. తల్లివేరు పెన్సిలంత లావు, గట్టిగా కట్టెలాగా ఉంది. బుడిపెలు తల్లివేరుకు లేవు, పక్క పిల్లవేళ్లకు ఉన్నాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని సజ్జ గింజంత. మూడు మొక్కలకు ఒక్కటీ లేదు. రెండింటికి నాలుగైదు ఉన్నాయి. మిగతా మూడింటికి పదిహేను దాకా ఉన్నాయి.

బ్లేడుతో కోస్తే, ఎక్కువ ఉన్న మొక్కల్లో లోపల లేత ఎరుపు, చికెన్ ముక్క కోసినట్టు. గోటికి తడి అంటుకుంది, అదీ ఎర్రగానే ఉంది. నాలుగైదే ఉన్న మొక్కల్లో లోపల ఆకుపచ్చ కలిసిన తెలుపు. పాప అడిగింది, మొక్కకు రక్తం ఉంటుందా నాన్నా అని. ఏం చెప్పాలో తెలియలేదు.

మట్టిపరీక్ష
జూలై 21, రాత్రి 8:15

పాప అడిగింది సరైన ప్రశ్న. ఆ ఎరుపు నిజంగా మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చుట్టమే. దాని పేరు లెగ్‌హిమోగ్లోబిన్, అందులోనూ ఇనుము ఉంటుంది. బుడిపెలో నత్రజనిని పట్టే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. కానీ ఆ బ్యాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. అందుకని ఈ ఎర్ర పదార్థం ఆక్సిజన్‌ను పట్టుకుని కొంచెం కొంచెంగా అందిస్తుంది. ఎర్రగా ఉందంటే బుడిపె పనిలో ఉంది. ఆకుపచ్చ అంటే ముసలిదైపోయింది. తెలుపు అంటే లేతదో, పనిచేయని బ్యాక్టీరియా కట్టిందో. పాపకు ఇది చెప్పండి.

బుడిపెలు నత్రజని పడతాయని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్ఫార్త్ ప్రకటించారు. రెండేళ్లకు హాలండ్‌లో బెయెరింక్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచి చూపాడు. అంటే శాస్త్రానికి ఈ సంగతి తెలిసి దాదాపు నూట నలభై ఏళ్లే అయింది.

మీ ఎనిమిది మొక్కల్లో మూడే పనిలో ఉన్నాయి. గట్టు మొక్కలు చేను మొత్తానికి గుర్తు కాకపోవచ్చు, అయినా నా 70 శాతం మీ చేనుకు ఎక్కువే అనిపిస్తోంది. ఇంకో కారణం కూడా ఉంది: ఆ కట్టెలాంటి వేళ్లు. మే నెలలో మీరు దున్ని కలిపారు కదా. కట్టె కుళ్లాలంటే నేలలోని సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, అవి ముందు తామే తీసుకుంటాయి. జొన్నకు సరిగ్గా ఆ సమయంలోనే ఆకలి. కొన్ని నెలలకు అది మళ్లీ విడుదలవుతుంది, పోలేదు.

జీవామృతం_వికారాబాద్
జూలై 21, రాత్రి 8:50

మేడమ్, ఈ 70 శాతం, 50 శాతం ఎలా కొలుస్తారు? గాలి నత్రజనికి, మట్టి నత్రజనికి ముద్ర ఉండదు కదా. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

మట్టిపరీక్ష
జూలై 21, రాత్రి 9:20

ముద్ర ఉంటుందండీ, చాలా సన్నది. నత్రజనిలో కొద్దిగా బరువైన రకం ఒకటుంది, నత్రజని-15. గాలిలో అది 0.3663 శాతం, లోకమంతా ఒకటే. సేద్యం చేసే నేలలో సాధారణంగా అంతకంటే ఓ పిసరు ఎక్కువ. పప్పుజాతి మొక్కను, దాని పక్కనే పెరిగిన గరికనో మరో మామూలు గడ్డినో కలిపి ల్యాబ్‌కు పంపుతాం. గరికలో ఉన్నదంతా నేల నత్రజనే. పప్పుజాతి మొక్కలో బరువు రకం గరిక కంటే ఎంత పలచబడిందో చూస్తే గాలి వాటా తెలుస్తుంది. అందుకే పొలానికి వెళ్తే మేం పంటతో పాటు కలుపు కూడా కోసుకొస్తాం.

జీవామృతం_వికారాబాద్
జూలై 21, రాత్రి 9:34

ఇది నాకు కొత్త సంగతి. ధన్యవాదాలు మేడమ్. మొన్న కొంచెం గట్టిగా మాట్లాడాను, ఏమీ అనుకోకండి.

స్వాన్‌నది
జూలై 22, ఉదయం 5:55

కల్చర్ గురించి ఇంకో నిజం చెప్పాలి. ప్యాకెట్ పట్టిస్తే ఎప్పటికీ పని అయిపోయినట్టు కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాకు బిసెరులా అనే మేత మొక్కను, దాని సొంత బ్యాక్టీరియాతో సహా మధ్యధరా ప్రాంతం నుంచి తెచ్చారు. ఇక్కడి నేలలో దానికి బుడిపె కట్టేది ముందు ఏదీ లేదు. ఆరేళ్లకు మర్డాక్ యూనివర్సిటీ వాళ్లు పొలంలో బుడిపెలు కోసి చూస్తే, కొన్నింట్లో తాము పెట్టిన బ్యాక్టీరియా లేదు. ఇక్కడి స్థానిక బ్యాక్టీరియా ఉంది. అది కొత్తదాని దగ్గర నుంచి బుడిపె కట్టే జన్యువుల మూటను మొత్తంగా తీసేసుకుంది. బుడిపె కడుతుంది, కానీ నత్రజని సరిగా పట్టదు. మొక్క మాత్రం దానికీ చక్కెర పోస్తూనే ఉంటుంది. వేరు తవ్వి లోపలి రంగు చూడటం అందుకే ముఖ్యం. బయటి నుంచి అన్ని బుడిపెలూ ఒకేలా ఉంటాయి.

భాస్వరం కూడా చూడండి. బుడిపెకు భాస్వరం చాలా కావాలి. పిడికెడు మాలిబ్డినం సంగతి మరీ విచిత్రం: 1942లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, క్లోవర్ ఎదగని ఆమ్ల నేలల్లో ఎకరాకు చాలా కొద్దిగా వేస్తేనే క్లోవర్ లేచి నిలబడిందని చూపాడు. నత్రజని ఎంజైములో ఆ లోహం ఉంటుంది. అయితే ఆమ్ల నేల కాకపోతే దాన్ని ముట్టుకోకండి, ఎక్కువైతే పశువుకు రాగి లోపం వస్తుంది.

ఇక్కడి పద్ధతి అంతా బంగారం అని కూడా అనను. క్లోవర్ బీడు కింద ఏళ్ల తరబడి మిగిలిన నత్రజని నైట్రేటై వానకు లోతుకు దిగి, చాలా నేలలు పులిసిపోయి ఆమ్ల నేలలయ్యాయి. ఇప్పుడు టన్నులకొద్దీ సున్నం తోలుతున్నారు.

కదిరి_ఎర్రచేను
జూలై 22, రాత్రి 8:30

ఇంతమంది ఇంత ఓపికగా చెబుతున్నారు, మనసు తేలికైంది. మేడమ్, ఈ జొన్నకు ఇప్పుడు ఏం చేయమంటారు?

మట్టిపరీక్ష
జూలై 22, రాత్రి 9:00

పదును ఉంది కాబట్టి గుంటక తోలి, ఎకరాకు అర బస్తా యూరియా సాళ్ల పక్కన వేసి మట్టి కప్పండి. పదిహేను రోజులకు మళ్లీ చూద్దాం. నాలుగు సాళ్లు మాత్రం వేయకుండా వదలండి, తేడా మీ కళ్లతో మీరే చూసుకోవాలి. ఆ సాళ్ల దగ్గర కర్ర పాతండి, లేకపోతే వారం తర్వాత ఏది ఏదో తెలియదు.

కదిరి_ఎర్రచేను
ఆగస్టు 12, ఉదయం 7:10

అప్‌డేట్. యూరియా వేసి ఇరవై రోజులు. చేను తేరుకుంది, ఇప్పుడు నడుమెత్తు. తమ్ముడి చేనంత నల్లగా రాలేదు కానీ పసుపు పోయింది. కర్ర పాతిన నాలుగు సాళ్లు అలాగే గిడసబారి ఉన్నాయి, రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. కాబట్టి నత్రజని కొరతే, వేరే రోగం కాదు.

కొట్టం కాలువ చివర గుంత తవ్వాం. వారానికి ఒకసారి నిండుతోంది. ఇన్నాళ్లూ ఇది ఎంత పోయిందో తలుచుకుంటే బాధగా ఉంది.

వచ్చే ఏడు అరెకరంలో స్టైలో వేస్తాను. స్వాన్‌నది అన్నా, విత్తనం పైపొర గట్టిగా ఉంటుందంటున్నారు, ఏం చేయాలి? మిగతా చేలో అలసంద వేసి మూడో వంతు నేలకే వదిలేస్తాను. మేత అమ్మకం ఆపలేను, ఇంటి ఖర్చులు ఉన్నాయి. కానీ అమ్మిన ప్రతి ట్రాలీకి ఎంత ఎరువు తిరిగి రావాలో ఇప్పుడు లెక్క తెలిసింది, పచ్చిమేత టన్నుకు ఏడెనిమిది కిలోల నత్రజని. డెయిరీ షెడ్డు ఆయనతో మాట్లాడాను, రెండు ట్రాలీల మేతకు ఒక ట్రాలీ పేడ ఇస్తానన్నాడు.

స్వాన్‌నది
ఆగస్టు 12, ఉదయం 9:45

చాలా సంతోషం అన్నా. విత్తనానికి: నీళ్లు మరిగించి దించి, నాలుగు నిమిషాలు ఆగండి, అప్పటికి 80 డిగ్రీల దగ్గరకు వస్తాయి. అందులో విత్తనం వేసి ఇంకో నాలుగు నిమిషాలు ఉంచి వంపేయండి. ఆపై చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి, నీడలో ఆరబెట్టి విత్తండి. పైపైనే చల్లాలి, లోతుకు పోతే మొలవదు. కల్చర్ పట్టిస్తే ఆరిన తర్వాతే, వేడి విత్తనానికి కాదు.

కదిరి_ఎర్రచేను
ఆగస్టు 12, ఉదయం 10:05

రాసుకున్నాను. గుత్తి అన్నా, జొన్న కోత అయ్యాక మీ మంద ఇటు వస్తుందా? రెండెకరాలకు ఎన్ని రాత్రులు పడుతుంది?

గొర్రెలమంద_గుత్తి
ఆగస్టు 12, మధ్యాహ్నం 12:20

సంక్రాంతి దాటాక కదిరి వైపే వస్తాం అన్నా. ఎన్ని రాత్రులన్నది జీవాలను బట్టి, చేను చూసి చెబుతా. జొన్న కొయ్యలు దున్నకుండా ఉంచు, పగలు కాస్త మేస్తాయి. మంద లేచిన రోజు పొద్దున్నే గుంటక తోలేటట్టు ఎద్దులు సిద్ధంగా పెట్టుకో, ఎండ ఎక్కితే ఉచ్చ బలమంతా గాలికి పోతుంది. నీళ్లకు మీ బోరు దగ్గర తొట్టి ఉంటే చాలు.

కదిరి_ఎర్రచేను
ఆగస్టు 12, మధ్యాహ్నం 12:41

తొట్టి ఉంది అన్నా. బయలుదేరే ముందు ఒక ఫోన్ కొట్టండి, నంబర్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టాను.